పేరు రిజిస్టర్‌లో ఎక్కే చదువు కావాలి

మిరప కోతలు, పత్తి తీతలు మానుకుని ఆస్పత్రిలో పనికి కుదిరిన చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ ఈ నాలుగు మాటలు.

గుంటూరు కొత్తపేటలో గానీ, నరసరావుపేటలో గానీ, ఒంగోలులో గానీ ఆస్పత్రుల వీధిలోకి వెళ్లి చూడండి. వార్డుల్లో మనవాళ్లు కనిపిస్తారు. యానాది కాలనీ నుంచి వచ్చిన పిల్ల, ఎరుకల కుర్రాడు, తండా నుంచి వచ్చిన సుగాలి అమ్మాయి, యర్రగొండపాలెం వైపు నుంచి దిగొచ్చిన చెంచు యువకుడు. ప్రైవేటు ఆస్పత్రిలో అయితే ఆయా, వార్డు బాయ్ అంటారు. సర్కారు ఆస్పత్రిలో అయితే ఎఫ్‌ఎన్‌ఓ, ఎంఎన్‌ఓ అంటారు. ట్రైనింగ్ సెంటర్ నుంచి వచ్చినవాళ్లకు జీడీఏ అని పేరు. పేర్లు ఎన్నయినా పని ఒకటే. మంచం మీది మనిషిని పక్కకు ఒత్తిగిలించాలి, ఒళ్లు తుడవాలి, బెడ్‌ప్యాన్ పెట్టాలి, స్ట్రెచర్ తొయ్యాలి, శాంపిల్ ల్యాబుకు మోసుకెళ్లాలి, రాత్రంతా మేలుకోవాలి.

ఈ పని చిన్నదని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. రోగికి వీపు పుండ్లు పడకుండా కాపాడేది ఈ చేతులే. ఊపిరి తేడా కొడుతోందని అందరికంటే ముందు కనిపెట్టి నర్సుని పిలిచేది కూడా చాలాసార్లు మీరే. ఎండలో కాయలు కోసి, చేతులు మండి, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరక తిప్పలు పడేదానికంటే ఇది మెరుగని మీ ఇంట్లో అనుకున్నారంటే అందులో తప్పేమీ లేదు. నీడ పట్టున పని, నెలకింత అని జీతం. కోతల్లో అది దొరకదు.

కానీ ఒక ప్రశ్న వేసుకోండి. ఐదేళ్లు పని చేశాక మీరు ఎక్కడ ఉంటారు? అదే ఆస్పత్రిలో, అదే వార్డులో, అదే పనిలో ఉంటే, నిన్న చేరిన పిల్లకీ ఐదేళ్ల అనుభవం ఉన్న మీకూ జీతంలో తేడా ఎంత? చాలామందికి ఆ తేడా చెప్పుకోదగినంత ఉండదు. ఎందుకు ఉండదో తెలుసుకోవాలి. అది మీ తెలివికి సంబంధించిన సంగతి కాదు, చట్టానికి సంబంధించిన సంగతి.

ఆస్పత్రిలో ఎవరి పేరు ఏ రిజిస్టర్‌లో ఉంటుందో చూడండి. నర్సుల చదువుకు 1947లోనే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది, పేరు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదవుతుంది. ఫార్మసిస్టుకు 1948 నాటి ఫార్మసీ చట్టం ఉంది. ల్యాబ్, ఎక్స్‌రే, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్, కంటి పరీక్షల టెక్నీషియన్ల కోసం 2021లో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం చేసింది. ఆ చట్టం ఈ వృత్తులను పది వర్గాలుగా విడదీసింది. దాని ప్రకారం అనుబంధ ఆరోగ్య నిపుణుడు అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉండాలి, ఆ గంటలు రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో పూర్తి చేయాలి.

మరి ఆయా పేరు ఏ రిజిస్టర్‌లో ఉంది? ఈ మూడింటిలో ఎక్కడా లేదు. మూడు నెలలో, ఆరు నెలలో చేసిన జీడీఏ కోర్సు ఆ 2,000 గంటల, రెండేళ్ల లెక్కకు అందదు. సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ముద్ర కూడా ఉంటుంది, కానీ పై మెట్టు ఎక్కడానికి అది పనికిరాదు. ఐదేళ్ల వార్డు అనుభవం ఉన్నా డీఎంఎల్‌టీ సీటుకు దరఖాస్తు పెడితే ఆ అనుభవానికి మార్కులేం రావు. ఇంటర్ మార్కుల మెమో, గ్రూపు, కుల ధ్రువపత్రం అడుగుతారు. అందుకే ఐదేళ్లయినా మీరు అక్కడే ఉంటారు.

రిజిస్టర్ అనే మాట మన ఇళ్లలో కొత్తది కాదు. బ్రిటిష్ వాళ్ల క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద మన తాతముత్తాతల్లో ఎంతోమంది పేర్లు పోలీసు రిజిస్టర్‌లో ఎక్కాయి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన సెటిల్‌మెంటే. పుట్టిన కులాన్ని బట్టి నేరస్తులన్నారు, హాజరు వేయించుకోమన్నారు, ఊరు దాటాలంటే అనుమతి తెచ్చుకోమన్నారు. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. కానీ వార్డులో ఎవరి ఫోనో ఉంగరమో పోతే ఇవాళ్టికీ ముందు ఎవరి సంచి వెతుకుతారో మీకు తెలుసు. అప్పుడు అక్కర్లేని రిజిస్టర్‌లోకి మన పేర్లు బలవంతంగా ఎక్కించారు. ఇప్పుడు మనకు కావాల్సిన రిజిస్టర్‌లో మన పేర్లు లేవు. ఈ వ్యాసం చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే: ఆస్పత్రి పని వదలొద్దు, కానీ మీ పేరు రిజిస్టర్‌లో ఎక్కే చదువు వైపు జరగండి.

ఇప్పుడు దారులు చూద్దాం.

మొదటిది ల్యాబ్. డీఎంఎల్‌టీ రెండేళ్ల డిప్లొమా. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు మొదటి ప్రాధాన్యం ఇస్తారు. పదో తరగతి తర్వాత ఇంటర్ ఒకేషనల్‌లోనే ఎంఎల్‌టీ చదివినవాళ్లూ ఉన్నారు. వాళ్లు సర్టిఫికెట్ రాగానే సరిపోయిందనుకోకుండా ఏడాది అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసి, రాష్ట్ర పారామెడికల్ బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి. సర్కారు ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు పడినప్పుడు ఆ నమోదు అడుగుతారు. ఒకేషనల్ చదివి అప్రెంటిస్‌షిప్ చేయక ఆయాగా మిగిలిపోయిన చెల్లెలు మీ ఊళ్లో ఉంటే, ఆమెకు ఈ సంగతి ఇవాళే చెప్పండి. సగం దారి ఆమె ఇప్పటికే నడిచింది.

రెండోది డయాలసిస్. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల బాధ, కిడ్నీ జబ్బుల బాధ తెలియనివాళ్లు లేరు. 2016 కేంద్ర బడ్జెట్‌లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించాక జిల్లా ఆస్పత్రుల్లో ఈ సేవ పెరిగింది. ఒక రోగికి వారానికి రెండు మూడు సార్లు, సారికి దాదాపు నాలుగు గంటలు మిషన్ దగ్గర మనిషి ఉండాలి. డయాలసిస్ టెక్నీషియన్ డిప్లొమా చేసినవాళ్లకు సొంత జిల్లాలోనే పని దొరికే అవకాశం ఎక్కువ. రోగితో గంటల తరబడి ఓపిగ్గా మసలడం మీకు వార్డులోనే అలవాటైంది కాబట్టి ఈ పని మీ చేతికి త్వరగా వస్తుంది.

మూడోది ఆపరేషన్ థియేటర్, మత్తు విభాగం, ఎక్స్‌రే, స్కానింగ్. వీటికీ డిప్లొమాలున్నాయి. ఇక్కడ ఒక హెచ్చరిక. చిన్న ఆస్పత్రుల్లో వార్డు బాయ్ చేతే ఎక్స్‌రే తీయించడం చూస్తుంటాం. ఫ్రీగా పని నేర్చుకుంటున్నానని సంబరపడొద్దు. ఎక్స్‌రే మిషన్లకు అణుశక్తి నియంత్రణ బోర్డు నిబంధనలున్నాయి. అర్హత ఉన్న మనిషే తీయాలి, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క కట్టే టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకోవాలి. బ్యాడ్జి లేకుండా తీస్తే మీ ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్కే ఉండదు, అనుభవం కూడా ఏ కాగితం మీదా ఎక్కదు.

నాలుగోది కంటి వైద్యం. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి పల్లెల్లో ఇంటర్ చదివిన యువతకు ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా తీసుకుంటోంది. వాళ్లు పల్లె ప్రాంతపు విజన్ సెంటర్లలో చూపు పరీక్షించి, అద్దాలు రాసి, ఆపరేషన్ అవసరమైనవాళ్లను పెద్దాసుపత్రికి పంపుతారు. ఇది ఏడాది శిక్షణ కాబట్టి, వేరే చోట చెల్లుతుందా అని చేరకముందే అడిగి తెలుసుకోండి. ఊరికి దగ్గరగా, గౌరవంగా ఉండే పని మాత్రం ఇది.

ఐదోది నర్సింగ్ దారి. ఇందులో మెట్లు స్పష్టంగా ఉన్నాయి. ఏఎన్ఎం రెండేళ్లు, ఇంటర్ ఏ గ్రూపైనా చేరొచ్చు. కౌన్సిల్‌లో నమోదైన ఏఎన్ఎం తర్వాత మూడేళ్ల జీఎన్ఎంలో చేరొచ్చు. జీఎన్ఎం చేసినవాళ్లకు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ ఉంది. చాలా ఏళ్లు పడుతుంది, నిజమే. కానీ మధ్యలో ఎక్కడ ఆగినా చేతిలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది. ఆయాగా మొదలైన అమ్మాయికి ఇంతకంటే గట్టి నిచ్చెన లేదు.

ఇవి కాక డీఫార్మసీ ఉంది, ఇంటర్ ఎంపీసీ, బైపీసీ వాళ్లకు రెండేళ్లు. మందుల షాపులో పదేళ్లు పని చేసినా ఇది లేకపోతే ఫార్మసిస్టు కాలేరు. 108 ఉంది. 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సర్వీసులో బండి నడిపేవాణ్ణి పైలట్ అంటారు, వెనక రోగి దగ్గర ఉండే మనిషి ఈఎంటీ. ఈఎంటీకి సైన్స్ డిగ్రీ, నర్సింగ్, ఫార్మసీ లాంటి చదువు అడుగుతారు. ఆరోగ్యశ్రీ వచ్చాక ఆస్పత్రుల్లో ఆరోగ్య మిత్రలు వచ్చారు. కాగితాలు చూసి, పేదవాడికి వైద్యం అందేలా దారి చూపడం వాళ్ల పని. దానికీ డిగ్రీ స్థాయి చదువు కావాలి. చదువురాని మన పెద్దవాళ్లు ఆస్పత్రి కౌంటర్ దగ్గర ఎంత అయోమయపడతారో చూసినవాళ్లు ఆ కుర్చీలో కూర్చుంటే ఎంత మేలో ఆలోచించండి.

ఇదంతా చదివాక మీరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. రెండేళ్లు జీతం లేకుండా ఎలా?

అసలు అడ్డం ఇదే. ఈ డిప్లొమాలు పగటి కోర్సులు. హాజరు లేకపోతే స్కాలర్‌షిప్ రాదు. నైట్ డ్యూటీ చేసి పగలు కాలేజీకి పోతానంటే ఒళ్లు కొన్నాళ్లే సహకరిస్తుంది. ఇంట్లో అప్పు ఉంటుంది, తమ్ముడి ఫీజు ఉంటుంది, నాన్న మందులుంటాయి. కాబట్టి కష్టపడితే ఏదైనా సాధించొచ్చు లాంటి మాటలు చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. లెక్క వేసుకుని కదలాలి.

పదితో చదువు ఆగిపోయినవాళ్లు ముందు ఇంటర్ పూర్తి చేయాలి. దానికి పని మానక్కర్లేదు. ఏపీ ఓపెన్ స్కూల్ ఉంది. అయితే తేలిగ్గా పాసవుతామని ఏదో ఒక గ్రూపు తీసుకోవద్దు. టెక్నీషియన్ వైపు వెళ్లాలనుంటే జీవశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉన్న సబ్జెక్టులే తీసుకోండి. ప్రాక్టికల్స్ కష్టమే, అయినా అవే రేపు సీటు తెచ్చేవి. ఆస్పత్రిలో ఉన్న ఆ రెండేళ్లే ఇంటర్ పూర్తయ్యే రెండేళ్లు కావాలి, నెలకు కొంత పక్కన పడే రెండేళ్లు కావాలి.

తర్వాత కాగితాలు. మన కాలనీల్లో చాలామందికి కుల ధ్రువపత్రం లేదు, ఉన్నా ఆధార్‌లో పేరు ఒక రకంగా, టెన్త్ మెమోలో ఇంకో రకంగా ఉంటుంది. అడ్మిషన్ల నెలలో తిరిగితే పని కాదు. కోతలు అయిపోయిన ఎండాకాలంలోనే సరిచేయించుకోండి. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో షెడ్యూల్డ్ ఏరియా లేదు. ఏజెన్సీలో ఉండే ప్రత్యేక రక్షణలు ఇక్కడ మనకు వర్తించవు. చెంచులకు శ్రీశైలం ఐటీడీఏ, యానాదులకు నెల్లూరు ఐటీడీఏ ఉన్నా, మైదానంలో మనకు దక్కే ప్రధాన హక్కు రాష్ట్రంలోని 6 శాతం ఎస్టీ రిజర్వేషన్. ఆ కాగితం లేకపోతే ఆ హక్కూ లేనట్టే. కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఎస్టీ కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల లోపు ఉండాలి. గుర్తింపు ఉన్న కాలేజీలో, గుర్తింపు ఉన్న కోర్సులో చేరితేనే అది వస్తుంది. గిరిజన సంక్షేమ శాఖ పోస్ట్ మెట్రిక్ హాస్టల్‌లో సీటు దొరికితే గది అద్దె, తిండి ఖర్చు తప్పుతాయి. జీతం లేని రెండేళ్లు గడిచేది ఇలాంటి వాటి వల్లే.

చేరేముందు కాలేజీని నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ కోర్సుకు పారామెడికల్ బోర్డు గుర్తింపు గానీ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు గానీ ఉందా? ఈ ఏడాదికి ఉందా, పాత కాగితం చూపిస్తున్నారా? ప్రాక్టికల్స్ ఏ ఆస్పత్రిలో చేయిస్తారు? పాసయ్యాక నా పేరు ఎక్కడ నమోదవుతుంది? నాలుగో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. గోడ మీద పెద్ద అక్షరాలతో నర్సింగ్ అని రాసి ఆరు నెలల కోర్సు అమ్మే సెంటర్లున్నాయి. ఉద్యోగం మాదేనని చెప్పి ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునేవాళ్లున్నారు. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ ఎవరి దగ్గరా వదలొద్దు.

ఉచిత శిక్షణల మీద నాకు కోపం లేదు. 2014లో మొదలైన డీడీయూ జీకేవై పథకంలో పల్లె యువతకు హాస్టల్‌తో సహా ఉచితంగా జీడీఏ నేర్పారు. దానివల్ల కోతల నుంచి ఎంతోమంది బయటపడ్డారు. 2021 జూన్ 18న కరోనా కోసం లక్ష మందికి ఆరు రకాల పనుల్లో క్రాష్ కోర్సులు మొదలుపెట్టారు. అవసరమైనప్పుడు ఇన్ని వేలమందికి నేర్పగలమని ప్రభుత్వమే చూపించింది. కానీ కరోనా తగ్గగానే తాత్కాలికంగా తీసుకున్న సిబ్బందిని తీసేశారు. ప్రాణాలకు తెగించి వార్డుల్లో నిలబడినవాళ్లు మళ్లీ చేలోకి పోయారు. నేర్చుకున్నది ఎక్కడా నమోదు కాలేదు కాబట్టి అదంతా గాలికి పోయింది. మొదటి మెట్టు కట్టి రెండో మెట్టు కట్టకపోతే జరిగేది ఇదే.

అందుకే ఈ భారం మొత్తం మీ భుజాల మీదే వేసి ఊరుకోకూడదు. సంఘంగా మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, పని చేస్తున్న ఆయాలు, ఎంఎన్‌ఓలు, ఎఫ్‌ఎన్‌ఓలు, జీడీఏలకు డిప్లొమా, ఏఎన్ఎం సీట్లలో కోటా ఉండాలి, చదివే రెండేళ్లూ జీతం గానీ స్టైపెండ్ గానీ రావాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఇంగ్లండ్‌లో ఆస్పత్రి సహాయకులు జీతం తీసుకుంటూనే రెండేళ్లు చదివి నర్సింగ్ అసోసియేట్ అవుతారు. 2019 జనవరి నుంచి వాళ్ల పేర్లు నర్సుల కౌన్సిల్ రిజిస్టర్‌లోనే ఎక్కుతున్నాయి. అక్కడి నుంచి మళ్లీ చదివి పూర్తి నర్సు కావచ్చు. ఆస్ట్రేలియాలో ఆదివాసీ ఆరోగ్య ప్రాక్టీషనర్ల వృత్తిని 2012 జులై 1 నుంచి జాతీయ రిజిస్ట్రేషన్‌లో చేర్చారు. తన జాతి మనిషికి వైద్యంలో తోడుండడం ఒక వృత్తేనని ఆ దేశం చట్టం ద్వారా ఒప్పుకుంది. ఇక్కడ ఎందుకు కాకూడదు?

రెండు, గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో అవుట్‌సోర్సింగ్, కాంట్రాక్టు టెక్నీషియన్ పోస్టుల్లో ఎస్టీ రోస్టర్ ఎలా పాటించారో లెక్క బయటపెట్టాలి. సమాచార హక్కు దరఖాస్తు రాయడం వచ్చినవాళ్లు మన పేజీ చదివేవాళ్లలో ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కో ఆస్పత్రి తీసుకోండి. తుడిచే పనుల్లో మనవాళ్లు ఎంతమంది, మిషన్ పట్టే పనుల్లో ఎంతమంది అని అడగండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

మూడు, ముందు చేసిన పనికి గుర్తింపు. కేంద్ర నైపుణ్య పథకాల్లో ముందస్తు అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. ఆ సర్టిఫికెట్‌కు డిప్లొమా ప్రవేశాల్లో విలువ ఇవ్వాలి. లేకపోతే అది గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

ఉద్యోగంలో స్థిరపడిన అన్నలకూ అక్కలకూ ఒక మాట. ల్యాబులోనో, సచివాలయంలో ఏఎన్ఎంగానో, ఎయిమ్స్‌లోనో ఉన్న మీరు మీ కాలనీలో ఒక్క పిల్ల కాగితాలు ఈ ఎండాకాలం సరిచేయించండి. ఓపెన్ ఇంటర్ ఫీజు ఒక్కరిది కట్టండి. అడ్మిషన్ నోటిఫికేషన్ పడ్డ రోజు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మనవాళ్లకు సీట్లు పోయేది మార్కులు లేక కొంత, ఆఖరి తేదీ తెలియక చాలా.

చెల్లీ, తమ్ముడూ, రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యండి. మీ ఆస్పత్రిలో ఏ టెక్నీషియన్ పని మీకు నచ్చుతుందో చూసుకుని, ఆ మనిషిని అడగండి: ఏం చదివావు, ఎక్కడ చదివావు, ఎంత ఖర్చయింది, పేరు ఎక్కడ నమోదైంది? ఈ నాలుగు జవాబులూ ఒక కాగితం మీద రాసుకోండి. ఇంటర్ ఉందా లేదా, కుల ధ్రువపత్రం ఉందా లేదా, దాని కిందే రాయండి. లేనిదేదో ఆ కాగితమే చెబుతుంది. ముందు దాని కోసం తిరగండి. ఎక్కడ ఆగిపోయినా పేజీకి రాయండి, తెలిసినవాళ్లు దారి చెబుతారు.